ఎడారి వియ్యంకుడికి దుర్గవ్వ పాట

భాగ్యలక్ష్మి నాకు జాకెట్లు కుట్టే మనిషి. బడంగ్‌పేట్‌లో మా కాలనీ మొదట్లో, మందుల షాపు పక్కన చిన్న గది కిరాయికి తీసుకుని రెండు మిషన్లు పెట్టుకుంది. నా భుజాలు రెండూ ఒక ఎత్తున ఉండవు. ముప్పయ్యేళ్లు ఒకే భుజానికి పుస్తకాల సంచి తగిలించుకుని కాలేజీలో తెలుగు చెప్పిన ఫలితం అది. ఆ సంగతి నేను చెప్పకుండానే కనిపెట్టి కుట్టిన మొదటి మనిషి ఈ అమ్మాయి. అలాంటి మనిషి ఒకరోజు నా కొలతలు తీసుకుంటూ ఉన్నట్టుండి టేపు పట్టుకునే ఏడ్చేసింది. లేచి వచ్చేద్దామంటే ఆ టేపు నా చుట్టూనే ఉంది.

"ఏమైందమ్మా?" అన్నాను.

"మా ఆయన జైల్ల ఉన్నడు మేడం. గల్ఫ్‌ల. ఇంగ్లిష్‌ల అర్జీ రాయాల్నంట. మీరు జర రాసిస్తరా?"

ఆమె భర్త పేరు మధు. అక్కడ ఒక పెద్ద కట్టడం దగ్గర క్రేన్ నడిపేవాడు. ఆ దేశం పేరు ఇక్కడ రాయను. అక్కడ మన పిల్లలు ఇంకా చాలామంది పని చేస్తున్నారు. నడివేసవిలో మిట్టమధ్యాహ్నం మధుతో పనిచేసే కుర్రాడు ఒకడు ఇనపచువ్వల మీద కుప్పకూలిపోయాడు. మేస్త్రీ వచ్చి చూసి "నిద్రపోతున్నాడు, లాగి పక్కన పెట్టండి" అన్నాడు. మధు క్రేన్ దిగివచ్చి ఫోన్‌లో అంతా వీడియో తీశాడు. తీసి ఊరుకుంటే బాగుండేది. ఇక్కడ మనుషులు ఎండకు చస్తున్నారని తెలుగులో చెప్పి గ్రూపులో పెట్టాడు. అది ఎక్కడెక్కడికో పాకింది. పడిపోయినవాడు సాయంత్రానికి పోయాడు. మధును మూడో రోజున తీసుకుపోయారు. దేశం పరువు తీశాడన్న నేరానికి మూడేళ్లు వేశారు.

నేను అర్జీలు రాశాను. ఢిల్లీకి రాశాను, అక్కడి మన ఎంబసీకి రాశాను, మానవ హక్కులవాళ్లకు రాశాను. ప్రతిచోటి నుంచీ 'మీ విన్నపం పరిశీలనలో ఉంది' అనే జవాబు వచ్చేది. కొన్నాళ్లకు ఆ వాక్యంలోని వ్యాకరణం తప్ప నాకు అందులో ఇంకేమీ కనబడలేదు.

ఒక అర్జీకి కన్నతల్లి సంతకం కావాలన్నారు. అలా నేను దుర్గవ్వను చూశాను.

ఇంటి దగ్గర కాదు, ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద చూశాను. శంషాబాద్ వైపు నుంచి లోపలికి వెళ్లే దారికి రెండు పక్కలా పచ్చిక, పూలమొక్కలు ఉంటాయి కదా, వాటిని చూసుకునే ఆడవాళ్లలో ఆమె ఒకతె. యాభై ఎనిమిదేళ్ల మనిషి. చీర మీద ఆకుపచ్చ జాకెట్, తల మీద తువ్వాల, చేతిలో చిన్న కొడవలి. భాగ్యలక్ష్మి "అత్తమ్మా" అని పిలిస్తే లేవకుండా మమ్మల్నే కూర్చోమంది. కాగితం మీద వేలిముద్ర వేస్తుందేమోనని ఇంకు పెట్టె తీసుకెళ్లాను. ఆమె ఆ పెట్టెను ఒకసారి, నన్నొకసారి చూసి, పెన్ను తీసుకుని, కాగితాల్లో ఉండే పేరు 'దుర్గమ్మ' అని గుండ్రంగా సంతకం చేసింది. నాకు సిగ్గేసింది.

"ఎయిర్‌పోర్టుకు పోకముందు ఇది మా జొన్నచేను టీచరమ్మా" అంది, ఏమీ జరగనట్టు. "నా పెనిమిటి కుర్మయ్యతోటి ఇదే జాగల కలుపు తీసిన. ఇప్పుడు గూడ కలుపే తీస్తున్న. జొన్నలే రావు."

"అర్జీ వేస్తున్నాం. దేవుడి దయవల్ల వచ్చేస్తాడు" అన్నాను.

"వస్తడు" అంది ఆమె, గడ్డి వేరు చూసుకుంటూ. కంట తడి లేదు, గొంతులో వణుకు లేదు. రాయి లాంటి మనిషి అనుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో భాగ్యలక్ష్మి చెప్పిన సంగతి వినకపోతే ఇప్పటికీ అలాగే అనుకునేదాన్ని.

రావిర్యాల దాటాక వాళ్ల ఊరు. ఆ ఊళ్లోనూ చుట్టుపక్కల నాలుగు ఊళ్లలోనూ దుర్గవ్వ గొంతు తెలియనివాళ్లు లేరు. ఎవరింట్లోనైనా మనిషి పోతే ముందు ఆమెకే కబురు వెళ్లేది. ఆమె వచ్చి, శవం పక్కన కూర్చుని, పోయినవాళ్ల పేరుతో శోకం అందుకునేది. వాళ్లు ఏ చేలో ఏం వేశారో, ఏ బావిలో ఈత కొట్టారో, ఎవరికి ఏ కష్టంలో గిన్నెడు బియ్యం ఇచ్చారో అన్నీ ఆ రాగంలో వచ్చేవి. అప్పటిదాకా ఏడుపు రాక బిగుసుకుపోయిన కొడుకులు కూడా అది విని గోడకు చేరగిలబడి ఏడ్చేవారు. దీనికి ఆమె కూలి తీసుకునేది కాదు. అది పనే కాదు ఆమె దృష్టిలో.

మధును పట్టుకున్నారని తెలిసిన రోజున దుర్గవ్వ గొంతు మూసేసింది. శోకం పోయినవాళ్లకే. బతికున్న మనిషి మీద శోకం పడితే ఆ మనిషి పోయినట్టే అని వాళ్ల నమ్మకం. కొడుకు ఎక్కడో చీకటి గదిలో ఉండగా ఎవరి కోసం రాగం ఎత్తినా, అది దారి తప్పి కొడుకు మీద పడుతుందేమోనని ఆమె భయం. అందుకని చావులకు వెళ్లేది, నోరు విప్పకుండా నిలబడి వచ్చేసేది. వాళ్ల వీధి చివరి యాదయ్య తాత పోయినప్పుడు కూడా అంతే. ఆయన దుర్గవ్వను చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన మనిషి. "దుర్గవ్వకు పొగరెక్కింది" అని ఆ ఇంటివాళ్లు ఆ తర్వాత ఆమెను పలకరించడం మానేశారు. కొడుకు జైల్లో ఉంటే ఒక్క చుక్క కన్నీరు పెట్టని తల్లి అని ఇంకొందరు అన్నారు. ఆమె ఎవరికీ జవాబు చెప్పలేదు. అప్పటికి పద్నాలుగు నెలలు.

ఆ పద్నాలుగో నెలలోనే గ్రాన్యా వచ్చింది.

ఎయిర్‌పోర్ట్ దగ్గరి ఒక హోటల్లో మూడు రోజుల కవుల సభ పెట్టారు. దూరదేశాల కవులు వస్తారు, వాళ్ల కవితలు తెలుగులో చదవాలి. ఉచితంగా అనువాదం చేసేవాళ్ల జాబితాలో నా పేరు ఎప్పుడూ మొదట ఉంటుంది. నాకు ఐర్లండ్ నుంచి వచ్చిన గ్రాన్యాను అప్పగించారు. అరవై ఏళ్లావిడ, మగపిల్లాడిలా కత్తిరించుకున్న తెల్లజుట్టు, చెప్పుల్లో మేజోళ్లు. ఆమె ఐరిష్ భాషలో రాస్తుంది. ఆ భాషను వాళ్ల దేశంలోనే ఇళ్లలో రోజూ మాట్లాడేవాళ్లు తక్కువట. ఆమె కవితలన్నీ పరాయి దేశాల పాలకులకు రాసినవి. ఒకటి ఒక సైన్యాధ్యక్షుడికి, ఒకటి ఒక రాజుకి, ఒకటి ఎన్నికల్లో గెలిచి మరీ జనాన్ని జైళ్లలో పెట్టిన ఇంకొక ఆయనకి. ప్రతిదాంట్లోనూ ఒక ఖైదీ పేరు ఉంటుంది.

నా నోరు ఊరుకోదు. "వాళ్లకు మీ భాష రాదు కదండీ. మీ ఊళ్లోవాళ్లకే సగం మందికి రాదంటున్నారు. మరి ఈ ఉత్తరం ఎవరికి?" అని అడిగాను.

ఆవిడ నవ్వింది. ఇంగ్లిష్‌లో రాస్తే ప్రభుత్వాల దగ్గర అచ్చువేసిన జవాబు సిద్ధంగా ఉంటుందని చెప్పింది. ఐరిష్‌లో రాస్తే ఉండదట. ముందు ఎవడో ఒకణ్ణి వెతికి పట్టుకుని 'ఇందులో ఏముంది?' అని అడగాలి. ఆ ప్రశ్న వాళ్ల నోటినుంచి వస్తే తనకు చాలునంది. 'పరిశీలనలో ఉంది' గుర్తొచ్చి, ఈవిడ నాకంటే తెలివైనది అనుకున్నాను. మధు సంగతంతా చెప్పాను. ఆవిడ రెండు రోజులు టైమ్ అడిగింది.

మూడో రోజు పొద్దున హోటల్ కాఫీ బల్ల దగ్గర కవిత చూపించింది. తను ఐరిష్‌లో ఒక పాదం చదివి దాని అర్థం ఇంగ్లిష్‌లో చెప్పేది, నేను తెలుగులో పెట్టేదాన్ని. వాళ్ల దేశంలోనూ పూర్వం శవం పక్కన కూర్చుని రాగం తీసే ఆడవాళ్లు ఉండేవారట. ఆవిడ అమ్మమ్మ ఊళ్లో అలాంటావిడ ఉండేదట. ఆ పద్ధతిలోనే రాసింది. బాగా కుదిరింది. చాలా ఏళ్లకు నా చేతికి మంచి తెలుగు వచ్చిందని లోపల మురిసిపోయాను. ఆ మురిపెంలో, ఆటోలో భాగ్యలక్ష్మి చెప్పిన మాటలు నాకు అరక్షణం కూడా గుర్తు రాలేదు. ముప్పయ్యేళ్లు పాఠం చెప్పినదాన్ని, వినడం రాలేదు.

ఆ మధ్యాహ్నమే గ్రాన్యాను వెంటబెట్టుకుని దుర్గవ్వ ఇంటికి వెళ్లాం. ఆదివారం, ఆమెకు సెలవు. ఇంటి ముందు వేపచెట్టు నీడలో మంచం వేసింది. భాగ్యలక్ష్మి టీ పెడతానని లోపలికి వెళ్లింది. నేను కళ్లజోడు సర్దుకుని, గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాను. ఊరికే చదవలేదు, రాగం పెట్టి చదివాను.

"తలుపు మూయను నాయనా
గాలికైనా నీ పేరు నేర్పుతాను
నువ్వు పడినచోట నీడ లేదు
చుట్టూ ఉన్నవాళ్లం నీడ కాలేకపోయాం..."

అంతవరకే. దుర్గవ్వ చెయ్యి వచ్చి నా నోటి మీద పడింది. గట్టి చెయ్యి, మట్టి వాసన. అప్పటికే పక్కింటి రుక్కమ్మ గోడ మీదినుంచి తొంగి చూస్తోంది. ఆ రాగం విని రుక్కమ్మ మొహం పాలిపోయి ఉంది.

"ఏమైంది దుర్గవ్వా? పిలగాని కబురేమన్న వచ్చిందా?"

"ఏం రాలే. నువ్వు లోపటికి పో" అంది దుర్గవ్వ. తర్వాత నా వైపు తిరిగింది. "బతికున్న నా కొడుకు మీద శోకం రాసుకొచ్చినవా టీచరమ్మా? పద్నాలుగు నెలల సంది నేను పండ్లు గరిచి పట్టుకున్నది, నువ్వు నా వాకిట్ల కూసొని తీస్తవా?"

భూమిలోకి పోదామంటే కింద సిమెంటు. గ్రాన్యా ఏమైందని అడిగితే సగం మింగుతూ చెప్పాను. ఆవిడ మొహం ఎర్రబడింది. 'మా అమ్మమ్మ ఉంటే ఈపాటికి నా చెంప పగలగొట్టేది' అంది. లేచి, దుర్గవ్వ ముందుకు వెళ్లి, మన పద్ధతి ఎవరు నేర్పారో గాని రెండు చేతులూ జోడించింది.

"ఆ కాగితం తగలబెట్టు" అంది దుర్గవ్వ నాతో.

"అలాగే" అన్నాను. మడిచి చేతిసంచి అడుగున పెట్టుకున్నాను.

ఆమె మమ్మల్ని పొమ్మంటుందనుకున్నాను. కాని టీ వచ్చింది. ఆ ఇళ్లలో ఎంత కోపమొచ్చినా టీ తాగకుండా పంపరు. గ్లాసు సగమయ్యాక ఆమే అడిగింది.

"ఇది ఎవలకు రాసింది ఈమె?"

"ఆ దేశం దొరకి."

"దొరకు శోకం వినిపిస్తే ఏం జేస్తడు? పిలగాడు సచ్చిండు గావచ్చు అనుకోని కాగితాలు మూసి పక్కకు పెడతడు."

అది గ్రాన్యాకు చెప్పాను. ఆవిడ టీ గ్లాసు కింద పెట్టి, "అయితే ఏం పాడాలి?" అని అడిగింది. పరాయి పాలకులకు ఇన్నేళ్లుగా రాస్తున్న మనిషి, ఏ బిగువూ లేకుండా అడిగింది.

దుర్గవ్వ తన గ్లాసు ఖాళీ చేసి పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది. "మా దిక్కు పెండ్లిల బంతి మీద వియ్యంకుణ్ని కూసోబెట్టి ఆడోళ్లం పాట పాడతం. వాని మీసం మీద పాడతం, వాని బొర్ర మీద పాడతం, వాని పిసినారితనం మీద పాడతం. వాడు ఎంత పెద్ద పటేలైనా కోపం జెయ్యొద్దు. జేస్తే నలుగుట్ల నగుబాటు. పాట ఆగాల్నంటే మేం అడిగింది మా చేతుల పెట్టాలె."

"ఆయన మనకు వియ్యంకుడు ఎట్లా అవుతాడు?" అన్నాను.

"ఎందుకు గాడు? నా కొడుకును ఇచ్చిన గదా ఆయన ఇంటికి. ఇల్లరికం బోయినట్టే గదా."

భాగ్యలక్ష్మి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పద్నాలుగు నెలల్లో ఆ పిల్ల నవ్వడం నేను చూడలేదు. దుర్గవ్వ లోపలినుంచి స్టీలు పళ్లెం తెప్పించింది. గరిట కాడతో దాన్ని తడుతూ, పద్నాలుగు నెలలుగా మూసిన గొంతు విప్పింది. విప్పినది శోకానికి కాదు, ఎగతాళికి. మొదటి రెండు పాదాలు గరగరలాడాయి. మూడో పాదానికి రుక్కమ్మ గోడ దిగివచ్చి వంతపాట అందుకుంది.

"అద్దాల మేడల వియ్యంకుడా
నీ అద్దం తుడిసింది మావోడే గదరా
ఆకాశమంత మేడ కట్టిస్తివి
అండ్ల నీడకు జాగ లేదాయె వియ్యంకుడా
పడ్డోన్ని పండుకున్నడంటివి
పండుకున్నోడు లేవకపాయె వియ్యంకుడా
కండ్లతోని జూసినోన్ని కట్టేస్తివి
కండ్లు మూసుకున్నోడే సుట్టమా నీకు
చీర వద్దు సారె వద్దు వియ్యంకుడా
మా పిలగాన్ని మాకు పంపు వియ్యంకుడా"

గ్రాన్యాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా పళ్లెం దెబ్బకు తొడ మీద తాళం వేస్తూ ఫోన్‌లో రికార్డు చేసుకుంది. నేను అర్థం చెప్పడానికి పడ్డ పాట్లు ఆ దేవుడికే తెలుసు. వియ్యంకుడు అనే మనిషికి ఇంగ్లిష్‌లో పేరే లేదు. 'పిల్లల పెళ్లితో మనకు చుట్టమైన పెద్దమనిషి' అని అంత పొడుగున చెప్పాను. గ్రాన్యా అది ఐరిష్‌లో ఎలాగో రాసుకుంది. వాళ్ల దేశంలో పూర్వం దొరలు కవుల శాపనార్థాలకు, ఎగతాళికి భయపడేవారట. పిసినారి దొర మీద కవి ఒక్క పాట కడితే ఆ దొర పరువు పోయేదట. 'ఇది మా పాత పద్ధతే, నేనే మరిచిపోయాను' అంది. సాయంత్రం వెళ్లేటప్పుడు ఆ స్టీలు పళ్లెం తనకిమ్మని అడిగింది. దుర్గవ్వ ఇచ్చింది. "దాని మీద కుర్మయ్య పేరు కొట్టి ఉన్నది. పైలంగ పెట్టుకొమ్మను" అని మాత్రం నాతో చెప్పించింది.

నెల రోజులకు భాగ్యలక్ష్మి ఫోన్‌కు వీడియో వచ్చింది. గ్రాన్యా ఊళ్లో ఆ ఎడారి దేశపు ఎంబసీ ముందు పదిహేనుమంది ఆడవాళ్లు, వానకోట్లు వేసుకుని, పళ్లాలు చెంచాలు పట్టుకుని ఐరిష్‌లో పాడుతున్నారు. పాదం చివర మాత్రం అందరూ "వియ్యంకుడా" అంటున్నారు. ఆ మాటను మార్చలేదు. పాటలో ఎక్కడో 'మధు' అని స్పష్టంగా వినపడింది. నేను ఆ వీడియోను దుర్గవ్వకు చూపించడానికి రోడ్డు దాకా వెళ్లాను. ఆమె కొడవలి పక్కన పెట్టి రెండుసార్లు చూసింది.

"తాళం తప్పుతున్నరు. అయినా గట్టిగనే పాడుతున్నరు పాపం, వానల" అంది.

ప్రతి శనివారం పాడారు. రెండో వారం గేటు లోపలినుంచి ఒకాయన వచ్చి, ఏం కావాలో ఇంగ్లిష్‌లో రాసివ్వమన్నాడట. గ్రాన్యా ఐరిష్ కాగితమే ఇచ్చింది. ఆయన తీసుకోలేదు. ఐదో వారం మళ్లీ వచ్చి తీసుకుపోయాడు. పోతూ పోతూ, "ఈ వియ్యంకుడు ఎవరు?" అని అడిగాడట. మీ దొరగారేనని గ్రాన్యా చెప్పిందట. ఆ వాక్యం ఆమె ఉత్తరంలో చదివి నేను ఒక్కదాన్నే వంటింట్లో పగలబడి నవ్వాను.

ఆ తర్వాత రెండు నెలలు ఏమీ లేదు. నేను ఇంకో అర్జీ రాశాను. ఇంకో 'పరిశీలనలో ఉంది' వచ్చింది.

అప్పుడు వాళ్ల పండక్కి ముందు ఆ దేశపు దొర కొంతమంది ఖైదీలకు క్షమాభిక్ష ఇచ్చాడు. ఆ జాబితాలో మధు పేరు ఉందని మన ఎంబసీ నుంచి ఫోన్ వచ్చింది. భాగ్యలక్ష్మి నా ఇంటికి పరిగెత్తుకు వచ్చింది. చేతిలో ఎవరిదో సగం కుట్టిన జాకెట్, దానికి సూది వేలాడుతూనే ఉంది. ఇద్దరం గుమ్మంలోనే కూలబడ్డాం. నాకు ఒళ్లంతా తేలికైపోయింది. ఆ రోజు నేను రెండుసార్లు అన్నం తిన్నాను.

ఏది పనిచేసిందో నాకు తెలియదు. అక్కడి లాయరు తన వాదన వల్లేనన్నాడు. నా పదకొండు అర్జీల్లో ఒకటి ఏ బల్ల మీదో కదిలిందేమో. ప్రతి పండక్కీ ఇలాంటి జాబితా వస్తుందని, అందులో ఎవరి పేరు పడుతుందో ఎవరికీ తెలియదని ఎంబసీ అతను అన్నాడు. దుర్గవ్వకు మాత్రం ఏ అనుమానమూ లేదు.

"వియ్యంకుడు ఇయ్యక తప్పదు గదా టీచరమ్మా. నలుగుట్ల పాడినంక" అంది.

మధు దిగిన రోజున పొద్దున పది గంటలకు మేం బయటికి వచ్చే గేటు దగ్గర నిలబడ్డాం. దుర్గవ్వ ఆ ఆకుపచ్చ జాకెట్‌తోనే వచ్చింది. సూపర్‌వైజర్ రెండు గంటలే సెలవు ఇచ్చాడట. అట్టపెట్టెల బండ్లు తోసుకుంటూ జనం వస్తున్నారు. వాళ్ల చివర, చేతిలో ఒక్క ప్లాస్టిక్ కవరుతో, గడ్డం పెరిగిన సన్నటి మనిషి వచ్చాడు. భాగ్యలక్ష్మి "ఛాతీ రెండంగుళాలు తగ్గింది" అని గొణిగి, నా చేయి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. దుర్గవ్వ ఏడవలేదు. కొడుకు దగ్గరికి వెళ్లి, తల నుంచి కాళ్ల దాకా చూసి, రెండు భుజాలూ గట్టిగా నొక్కి చూసింది.

"తిన్నవా?" అంది.

"విమానంల పెట్టిండ్రు అమ్మా" అన్నాడు మధు.

"సరే పా" అని కవరు తను అందుకుంది.

మర్నాడు పొద్దున్నే మిఠాయి పెట్టె పట్టుకుని వాళ్ల ఊరికి బయల్దేరాను. వీధి మొదట్లో ఆటో దిగానో లేదో, ఆ గొంతు వినపడింది.

నేను అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. అయినా అది ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. పొడుగ్గా, గుండెలోంచి, ఊరంతటి మీదా పరుచుకుంటూ వస్తోంది దుర్గవ్వ శోకం. పద్దెనిమిది నెలలుగా ఎవరి చావుకూ లేవని గొంతు ఇప్పుడు లేచిందంటే అది ఎవరి కోసం? నా ముందు వీధిలో జనం పరిగెత్తుతున్నారు. చేతిలో చాట ఉన్నవాళ్లు చాటతోనే, పళ్లు తోముకునేవాళ్లు నురగతోనే. "అయ్యో దుర్గవ్వా, నిన్ననే గదనే వచ్చిండు" అని రుక్కమ్మ ఏడుస్తూ ముందు పరిగెడుతోంది. యాదయ్య తాత ఇంటివాళ్లు కూడా కోపం మరిచిపోయి బయల్దేరారు. నా మోకాళ్ల నొప్పి సంగతి నాకే గుర్తులేదు.

మేమంతా ఆ వాకిట్లోకి ఒక్కసారిగా పడేసరికి స్నానాల గది తలుపు తెరుచుకుంది. మొహం నిండా సబ్బు, నడుముకు తువ్వాల, మధు బయటికి వచ్చి నిలబడ్డాడు.

"ఏమైంది, ఎవలన్న పోయిండ్రా?" అన్నాడు.

రుక్కమ్మ వెళ్లి అతని చెంపలు పట్టుకు చూసింది, చేతులకు సబ్బయింది. తర్వాత ఒకరి తర్వాత ఒకరు నవ్వడం, తిట్టడం మొదలుపెట్టారు. నేను మిఠాయి పెట్టెతో సహా మంచం మీద కూలబడ్డాను. ప్రాణం లేచి వచ్చింది.

దుర్గవ్వ మాత్రం ఆపలేదు. వేపచెట్టు కింద, ఎదురుగా ఎవరూ లేని నేల వైపు చూస్తూ రాగం తీస్తూనే ఉంది. మధు మొహం తుడుచుకుని మెల్లగా చెప్పాడు.

"పొద్దుగాల్నే అడిగింది. ఆ పడిపోయిన పిలగాడు ఎవలు, పేరేంది అని. టేక్ బహదూర్, నేపాలోడు అని చెప్పిన. వాళ్లమ్మకు ఎవరన్న చెప్పిండ్రా, ఎవరన్న ఏడ్సిండ్రా అని అడిగింది. నాకు దెల్వదన్న. గంతే, గిట్ల కూసున్నది."

అప్పుడు అందరికీ ఆ మాటలు వినపడ్డాయి. నేను చూడని కొడుకా, ఏ కొండల్ల పుట్టినవు, ఏ తల్లి నీకు సద్ది గట్టింది, ఇనుము మీద పండబెట్టిరా నిన్ను అని ఆమె అడుగుతోంది. వాకిట్లో నవ్వులు ఆగిపోయాయి. రుక్కమ్మ సబ్బు చేతులు కొంగుకు తుడుచుకుని దుర్గవ్వ పక్కన కూర్చుని వంత అందుకుంది. యాదయ్య ఇంటి కోడలు కూడా కూర్చుంది. మధు గోడకు ఆనుకుని, ఎండిపోతున్న సబ్బుతోనే, నోరు తెరిచి ఏడ్చాడు.

చాలాసేపటికి దుర్గవ్వ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. కొంగుతో మొహం తుడుచుకుని నన్ను చూసింది.

"టీచరమ్మా, ఆనాటి కాగితం తగలబెట్టినవా?"

అబద్ధం చెప్పబోయాను. ఆ మొహం చూసి చెప్పలేకపోయాను.

"లేదు దుర్గవ్వా."

"నాకెర్క. రాసినోళ్లు తగలబెట్టరు. తియ్యి, సదువు. అది మావోనిది గాదు. గీ పిలగానిది."

చేతిసంచి అడుగునుంచి కాగితం తీశాను. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. మధు పేరున్నచోట టేక్ బహదూర్ అని చదువుకుంటూ మొదలుపెట్టాను. ఈసారి రాగం పెట్టలేదు, దుర్గవ్వే పెట్టింది. నేను ఒక్కో పాదం చెప్పడం, ఆమె అందుకోవడం. 'చుట్టూ ఉన్నవాళ్లం నీడ కాలేకపోయాం' దగ్గరికి వచ్చినప్పుడు, ఆనాటిది గుర్తొచ్చి నేను ఆగాను. నా నోటి మీదికి ఏ చెయ్యీ రాలేదు. "కానియ్యి" అంది దుర్గవ్వ. నేను తర్వాతి పాదం చదివాను.